పెండ్లిగుఱ్ఱము నేర్చిన విద్యలు

కార్తిక శుద్ధ ఏకాదశి గడచినంతనే ఢిల్లీ మహానగరమున వివాహముహూర్తములు ఆరంభమగును. యమునకు తూర్పుగట్టున నున్న మయూర్ విహార్‌లో ఆ దినములందు దీపములు పెట్టిన వేళకు వీథిలోనికి వచ్చిన తెలుగువానికి, ముందు బ్యాండుమేళమును, ఇరుప్రక్కల విద్యుద్దీపగుచ్ఛములను మోయు కూలివాండ్రును, ఆ దీపములకు తీగలగుండ శక్తి నందించుచు వెనుక దడదడలాడు జనరేటరు బండియును, వీని నడుమ జరీవస్త్రము కప్పుకొన్న తెల్లని ఆడుగుఱ్ఱమును, దానిపై పూలసెహరాచే మొగము మఱుగుపఱచుకొన్న వరుడునుగా కదలివచ్చు ఊరేగింపు ఎక్కడనో యొకచోట ఎదురుపడక మానదు. మన పెండ్లికొడుకు పల్లకిలోనో పూలు కట్టిన కారులోనో విడిదినుండి బయలుదేరును గాని, ఉత్తరదేశీయులకు ఘోడీ యను ఆ ఆడుగుఱ్ఱము లేని బారాతు, అనగా వరుని ఊరేగింపు, బారాతే కాదు. మేళము ఊపందుకొన్న కొలదియు, గుఱ్ఱమును నడపు ఘోడీవాలా పగ్గమును బిగించి చేసిన సైగకు, ఆ గుఱ్ఱము ముంగాళ్ళను ఒకదానివెంట నొకటి ఎత్తి తాళగతికి నేలపై వేయుచు నాట్యమాడును; బంధువులు ఈలలు వేయుదురు; ఉత్సాహము హద్దు మీఱినచోట, గుఱ్ఱమును వెనుకకాళ్ళపై నిలువబెట్టుమని కోరువారును ఉందురు.

అందఱి చూపులును ఆ నాట్యముపైననే నిలుచును. కాని ఆ సమయమున ఆ జంతువు కనబఱచు విద్యలలో మిక్కిలి ఆశ్చర్యకరమైనది నాట్యము కాదు. చప్పుడు విన్నంతనే పరుగుతీయుట పుట్టుకతో వచ్చిన స్వభావముగా గల ప్రాణి, టపాకాయలు ప్రేలుచుండగా, చెవిప్రక్కనే డీజే గర్జించుచుండగా, ఎన్నడును కళ్ళెము పట్టి యెఱుగని అపరిచితుడు వీపుపైనను, అతని ముందొక పసివాడును కూర్చుండియుండగా, అడుగు కదపక నిలిచియుండుటయే అద్భుతము. ఈ నిలుకడయు నేర్చినదే, ఆ నాట్యమును నేర్చినదే. ఈ రెంటిలో ఏది ఏ విధముగా నేర్పబడినది, దానివలన ఆ గుఱ్ఱమునకును చుట్టునున్న మనుష్యులకును ఒనగూడు మేలెట్టిది, కీడెట్టిది అను విచారణ, కుతూహలము తీర్చుకొనుటకు మాత్రమే గాక, మన వీథిలో నడచు మూగప్రాణిపట్ల మనకుగల బాధ్యతను గ్రహించుటకును ఆవశ్యకమని నా నమ్మకము. పరిశీలించినకొలదియు, చూపరుల కంట పడని విద్యలే గుఱ్ఱమునకు ఎక్కువ మేలు చేయుననియు, వారు మిక్కిలి మెచ్చి కోరునవే తఱచుగా కీడు తెచ్చుననియు నాకు తోచుచున్నది.

గుఱ్ఱము వేటాడు మృగము కాదు; కోట్ల సంవత్సరములుగా వేటాడబడిన మృగము. దాని శరీరనిర్మాణమంతయు అపాయమును ముందుగా పసిగట్టి పాఱిపోవుటకు అనువుగా ఏర్పడినది. కన్నులు తలకు ఇరుప్రక్కల నుండుటచే, తల త్రిప్పకయే అది తన చుట్టు సుమారు 350 డిగ్రీల మేర చూడగలదు. నుదుటికి సూటిగా ముందును, తోకకు సూటిగా వెనుకను మాత్రము దానికి కనబడని చిన్న చోట్లు కలవు. చెవులను ఒక్కొక్కదానిని వేఱువేఱు దిక్కులకు మరల్పగలదు. మానవుని వినికిడి 20 వేల హెర్ట్జుల యొద్ద ఆగిపోగా, దానికి 33 వేల హెర్ట్జుల వఱకు ధ్వనులు వినవచ్చును. మందలో బ్రదుకు జంతువగుటచే, తోడి గుఱ్ఱము చెవి వాల్చిన తీరును, కండరముల బిగువును, ఊపిరిలోని మార్పును క్షణములో గుర్తించుట దానికి ప్రాణరక్షణోపాయము. ఈ సూక్ష్మగ్రహణశక్తి ఉండుటవలననే మనము దానికి ఏ విద్యనైనను నేర్పగలుగుచున్నాము.

ఈ శక్తి ఎంతటిదో 20వ శతాబ్ది ఆరంభమున బెర్లిను నగరమున నడచిన ఉదంతము లోకమునకు తెలిపినది. విల్హెల్మ్ ఫాన్ ఓస్టెన్ అను వృద్ధోపాధ్యాయుడు హాన్స్ అను తన గుఱ్ఱమునకు గణితము నేర్పితినని నమ్మి, కూడికలను తీసివేతలను అడుగుచుండెను; అది సరియైన సంఖ్య వచ్చువఱకు గిట్టతో నేలను తట్టి ఆగుచుండెను. 1904లో పరీక్షించిన పండితసంఘమునకు ఇందు మోసమేమియు కానరాలేదు. పిమ్మట ఆస్కర్ ఫుంగ్‌స్ట్ అను మనశ్శాస్త్రజ్ఞుడు ఎంతో ఓపికతో పరిశోధించి 1907లో మర్మమును వెలువఱచెను: ప్రశ్నించువానికే సమాధానము తెలియనప్పుడు గాని, ప్రశ్నించువాడు కనబడకుండ నున్నప్పుడు గాని హాన్స్ తప్పుచుండెను; తట్టుట సరియైన సంఖ్యకు చేరగనే ప్రశ్నించువాని తల, అతనికే తెలియకుండ, వెంట్రుకవాసి కదలుచుండెను, ఆ కదలికను కనిపెట్టి గుఱ్ఱము ఆగుచుండెను. ఈ వృత్తాంతమును గుఱ్ఱమునకు బుద్ధి లేదనుటకు నిదర్శనముగా చెప్పువారు కలరు. నాకది విపరీతార్థముగా తోచును. గణితము రాకపోవచ్చును గాని, మనుష్యుని దేహము పలుకు మౌనభాషను సాటి మనుష్యునికంటె నిశితముగా గ్రహించిన ప్రాణిని మందబుద్ధి యనుట యెట్లు? నలుడు బాహుకుడై యున్నకాలమున ఋతుపర్ణునికి అశ్వహృదయవిద్య నొసగి అక్షహృదయమును గ్రహించినట్లు మహాభారతకథ చెప్పుచున్నది; మనకు అశ్వహృదయము తెలియుటకు మునుపే మన హృదయము అశ్వమునకు తెలియుచున్నదని హాన్స్ చరిత్రము తెలుపుచున్నది.

గుఱ్ఱమునకు విద్య నేర్పుటకు ప్రధానముగా రెండు మార్గములు కలవు. మొదటిది ఒత్తిడి పెట్టి విడుచుట. కళ్ళెము బిగించుట, డొక్కను మడమతో నొక్కుట, కాలిని బెత్తముతో తట్టుట మొదలగునవి ఒత్తిడి. గుఱ్ఱము కోరిన పని చేసినంతనే దానిని తొలగించుట విడుపు. బెత్తమే నేర్పునని పలువురు తలతురు గాని, శాస్త్రదృష్టితో చూచినచో గుఱ్ఱము నేర్చుకొనునది బెత్తము తగిలినప్పుడు కాదు, అది తొలగినప్పుడు. ఏ కదలికవలన ఒత్తిడి తొలగినదో ఆ కదలికయే దాని మనస్సున నాటుకొనును. కావున ఒత్తిడి తేలికయై, విడుపు తక్షణమైనయెడల ఈ మార్గమునను క్రౌర్యము లేదు. విడుపు ఆలస్యమైనను, అసలే లేకపోయినను, గుఱ్ఱము ఎన్ని విధముల ప్రయత్నించినను బాధ తప్పదని గ్రహించి, క్రమముగా ప్రయత్నమునే మానివేయును. శాస్త్రజ్ఞులు దీనిని నేర్చుకొన్న నిస్సహాయత యందురు. తల వాల్చి, కన్ను మందగించి, ఏమి చేసినను కిమ్మనక నిలుచున్న అట్టి గుఱ్ఱమును చూచి, ఎంత సాధుజంతువో యని మనము మెచ్చుకొందుము. శాంతమునకును నిరాశకును గల ఈ భేదమును కనుగొనలేకపోవుటయే గుఱ్ఱముల విషయమున మన సమాజము చేయుచున్న అన్యాయములలో నెల్ల పెద్దదని నేననుకొందును.

రెండవది బహుమానమార్గము. కోరిన పనిలో అణుమాత్రము కనబడినను వెంటనే ఒక నియతమైన శబ్దము చేసి, పిదప గుప్పెడు శనగలో, ఉలవగుగ్గిళ్ళో, చిన్న బెల్లపుముక్కయో ఇచ్చినచో, గుఱ్ఱము ఆ పనిని మరల చేయును. ఆ అణువును పెంచుకొనుచు పోగా పూర్ణవిద్య సిద్ధించును. మనశ్శాస్త్రజ్ఞుడగు థార్న్‌డైక్ 1898లో పిల్లులపై చేసిన పరీక్షలనుండి మఱొక మనశ్శాస్త్రజ్ఞుడు స్కిన్నరు 1938లో ప్రకటించిన గ్రంథమువఱకు వికసించిన శాస్త్రమంతయు ఈ సూత్రముపైననే నిలిచియున్నది. ఇందు ముఖ్యమైనది సమయము. బహుమానసూచకమగు శబ్దము రెండుమూడు క్షణములు ఆలస్యమైనచో, కాలు ఎత్తినందులకు గాక, ఎత్తిన కాలిని దింపినందులకు గుఱ్ఱము మెప్పు పొందినదగును. ఫ్రాన్సుదేశమున 2010లో ప్రకటింపబడిన పరిశోధన ఒకటి, ఆహారబహుమానముతో నేర్చిన గుఱ్ఱములు పాఠమును శీఘ్రముగా గ్రహించుటయే గాక, నేర్పినవానిని నెలల తరువాతను మఱువక, అపరిచితులయెడ సైతము చనువు చూపెనని కనుగొన్నది.

ఇట్లు నేర్పిన విద్యలవలన కలుగు మేళ్ళలో నాకు మిక్కిలి హృదయంగమమైనది నార్వేదేశపు ప్రయోగము. అచట చలికాలమున గుఱ్ఱములకు కంబళి కప్పవలెనా వలదా అను వివాదము యజమానులలో ఎన్నటికిని తెగదు. 2016లో మెజ్‌డెల్ మున్నగు శాస్త్రవేత్తలు ఈ ప్రశ్నను గుఱ్ఱములనే అడిగిరి. అడ్డగీత గల పలక కంబళి కప్పుమనియు, నిలువుగీత గల పలక తీసివేయుమనియు, గీత లేని పలక ఉన్నది ఉన్నట్లే యుండనిమ్మనియు అర్థము వచ్చునట్లు 23 గుఱ్ఱములకు నేర్పగా, రెండు వారములలో అన్నియును నేర్చుకొన్నవి. చలిగాలియు వర్షమును గల దినములందు కంబళి కోరుచు, వెచ్చని దినములందు తీసివేయుమని మూతితో పలకను తాకినవి. మూతితో వస్తువును తాకుట ఆటలన్నిటిలోను మొదటి ఆట. దానినే భాషగా మార్చినపుడు ఆ మూగజీవము తన యిష్టమును తాను చెప్పుకొనగలిగినది.

శరీరమునకును మేలు కలదు. మూతిని ముంగాళ్ళ నడుమకు, ఱొమ్మునకు, డొక్కకు చేర్చి క్యారటు నందుకొనుట వంటి వంపులను వారమునకు ఐదు దినముల చొప్పున మూడు నెలలపాటు చేయింపగా, వెన్నుపూసల నంటియుండి వెన్నును స్థిరముగా నిలుపు లోకండరములు పుష్టినొందినవని హిలరీ క్లేటను మున్నగు శాస్త్రజ్ఞులు 2011లో చూపిరి. కావున తల వంచి నమస్కరించు గుఱ్ఱము, ఆహారము వెంట తానై వంగినంతవఱకు, వ్యాయామము చేయుచున్నదనియే చెప్పవచ్చును. అదే నమస్కారమును, ఒక ముంగాలిని త్రాటితో పైకి కట్టి, రెండవ కాలిపై బలవంతముగా క్రుంగదీసి నేర్పుట గలదు. అప్పుడు మోకాలికిని స్నాయువులకును కలుగు దెబ్బ ఎన్ని నమస్కారములతోను తీరదు. రెండింటిని చూచువారికి భేదము తెలియకపోవచ్చును, గుఱ్ఱమునకు తెలియును.

ఇంతకంటె నిత్యోపయోగములైనవి మఱికొన్ని: పిలిచినంతనే కాలెత్తి లాడమువానికి గిట్ట అప్పగించుట, సూదిమందునకు మెడ చాచి నిలుచుట, నోరు తెఱచి పండ్లు చూపించుట, లారీలోనికి జంకక ఎక్కుట. ఇవి నేర్వని గుఱ్ఱమునకు పశువైద్యుడు చేయు ప్రతి చికిత్సయు ఒక పెనుగులాట. నేర్చినదానికి ఐదు నిమిషముల పని. 2023 జూలైలో ఢిల్లీయొద్ద యమున 208.66 మీటర్ల యెత్తునకు పొంగినపుడు, నదీగర్భపు ఖాదరు భూములలో నివసించువారు పశువులతో సహా మయూర్ విహార్ రోడ్ల ప్రక్కకు చేరి గుడారములలో తలదాచుకొనిరి. అట్టి రాత్రియందు, నీరు చుట్టుముట్టుచుండగా, త్రాడు పట్టినంతనే నమ్మి వెంటవచ్చు జంతువునకును బెదరి వెనుదీయు జంతువునకును గల తారతమ్యము ప్రాణమంతటిది. దినమునకు పదినిమిషములు ఆటగా నేర్పిన పాఠమే అప్పుడు అక్కఱకు వచ్చును.

యమునకు ఆవలిదరిని రాష్ట్రపతి అంగరక్షకదళపు గుఱ్ఱములను చూచిన, నిలుకడ యెంత గొప్ప విద్యయో విశదమగును. హేంపూరు రిమౌంటు శిక్షణాలయమునుండి 2003లో వచ్చిన విరాట్ అను హానోవేరియను జాతి గుఱ్ఱము, 13 గణతంత్ర దినోత్సవములలో దళమునకు ముందు నడచి, 2022 జనవరి 26న విశ్రాంతి పొందినది. అదే మాసమున సైన్యాధిపతి ప్రశంసాపత్రము దానికి లభించినది. అది వెనుకకాళ్ళపై లేవలేదు, నాట్యమాడలేదు; తోపులు మ్రోగుచుండగా, జనసముద్రము నడుమ, మెత్తగా నడచినది. అట్టి నిలుకడ, శబ్దమును మొదట దూరమునను మెల్లగాను వినిపించి, గుఱ్ఱము బెదరనంతవఱకే దగ్గఱకు తెచ్చుచు, నెలల కొలది సాధించునది. ఒక్కమాఱుగా డీజే ప్రక్కకు ఈడ్చుకొనిపోయి నిలిపినచో సిద్ధించునది నిలుకడ కాదు, పైన చెప్పిన నిరాశ.

ఇక అపాయముల మాట. మొదటిది మూతియొద్దనే పుట్టును. నుదుటికి ముందున్న చోటువలెనే తన పెదవుల క్రిందనున్నదియు గుఱ్ఱమునకు కనబడదు. పెదవులతోను మీసపు రోమములతోను తడవి తెలిసికొనును. చేతితో తిండి పెట్టి నేర్పువాడు నియమము తప్పినచో, గుఱ్ఱము మొదట జేబు వాసన చూచును, పిదప చొక్కా లాగును, తుదకు వ్రేలు కొఱుకును. రెండవది అడుగనిదే ఆడుట. కాలెత్తినందులకు తిండి దొరకునని నేర్చిన గుఱ్ఱము, ఆకలియైనపుడెల్ల ఎదుటివాని యెదుట కాలెత్తును. నేర్పినవాడు కాక పసిబిడ్డ యెదుటనున్నను ఎత్తును. అప్పుడు దానిని మాన్పింపదలచి బహుమానమును నిలిపివేసినయెడల, ఆ చేష్ట వెంటనే తగ్గదు. తగ్గుటకు మునుపు కొంతకాలము మఱింత తీవ్రమగుట పలు జంతువులలో కనబడు ధర్మము. మెల్లగా కాలు గీరిన గుఱ్ఱము, తిండి రాకపోగా, బలముగా తన్నును. ఈ సంగతి తెలియని యజమాని, గుఱ్ఱము చెడిపోయినదని కొట్టును. ఆ తప్పు గుఱ్ఱముది కాదు.

సైగ ఎవ్వరిచేతనైనను పడవచ్చుననుట మూడవ అపాయము. దక్షిణ ఇటలీలో సైబారిస్ అను గ్రీకునగరము భోగములకు ప్రసిద్ధి. ఆ నగరవాసులు తమ గుఱ్ఱములకు విందులలో వేణునాదమునకు నాట్యమాడ నేర్పిరనియు, శత్రువులగు క్రోటను నగరమువారు యుద్ధమున ఆయుధములకు ముందు వేణువులను మ్రోగింపగా, ఆ గుఱ్ఱములు రౌతులతోగూడ ఆడుచు శత్రుపక్షమున చేరిపోయెననియు ఎథీనయస్ అను ప్రాచీన గ్రంథకర్త వ్రాసెను. క్రీ.పూ. 510లో సైబారిస్ నాశనమగుట చరిత్ర. వేణువుల కథ కల్పితమే కావచ్చును. కాని అందలి మనశ్శాస్త్రము సత్యము. బారాతులో సంగీతమే సైగయైనపుడు, ఎదురువీథిలో మఱొక పెండ్లివారి డోలు మ్రోగినను ఆ గుఱ్ఱము కాలెత్తును.

సైబారిస్ కథలో ముంచిన శిక్షణయే మఱొకచోట గెలిపించినదియు కలదు. మయూర్ విహార్ ప్రక్కనున్న పట్పర్‌గంజ్ మైదానముననే గుఱ్ఱముల శిక్షణ ఒక రాజ్యపు భాగ్యమును నిర్ణయించిన దినము కలదు. 1803 సెప్టెంబరు 11న సింధియా సేన బలమైన కందకముల వెనుక నిలువగా, ఈస్టిండియా కంపెనీ సేనాపతి జనరల్ లేక్ తన ఆశ్వికదళమును ముందునకు నడపి, ఓడినట్లు వెనుకకు మరల్చెను. శత్రువు కందకములు విడిచి వెంబడింపగా, ఆశ్వికులు నడిమికి చీలి దారి యిచ్చిరి, ఆ సందున పదాతిదళము ముందునకు వచ్చి తాకెను. ఫిరంగుల హోరులో పరుగు, నిలుపు, మరలు, చీలిక యను ఇన్ని కదలికలను బెదరక జరుపుట ఒక్కనాటి అభ్యాసము కాదు. ఆ పోరున లేక్ ఎక్కిన గుఱ్ఱము అతని క్రిందనే కూలిపోయెను. యుద్ధస్మారకస్తంభము నేడు నోయిడా గోల్ఫుమైదానమున నున్నది.

మరల అపాయముల మాటకు వచ్చినచో, వానిలో నెల్ల ఘోరమైనది వెనుకకాళ్ళపై నిలువబెట్టుట. గుఱ్ఱపు బరువులో సుమారు నూటికి 60 పాళ్ళు సహజముగా ముంగాళ్ళపై పడును. అది లేచి నిలిచినపుడు మొత్తము భారము వెనుకకాలి కీళ్ళపైనను నడుముపైనను మోపబడును. 1572నుండి చరిత్ర తెలియవచ్చుచున్న వియన్నాలోని స్పానిష్ అశ్వశిక్షణాలయమున, ముంగాళ్ళు మడిచి వెనుకకాళ్ళపై క్రుంగి నిలుచు విన్యాసము కలదు. కాని అచట దానిని ఏండ్లతరబడి కండరములను బలపఱచిన గుఱ్ఱములలో, శక్తిగలవానిచేతనే, కొలది క్షణములు మాత్రమే చేయింతురు. గుఱ్ఱపు వెన్నుపూసల పెరుగుదల ముగియుటకే సుమారు అయిదాఱేండ్లు పట్టును. తారురోడ్డుపై, జాఱు ఇనుపలాడముతో, వీపుపై మనిషి యుండగా లేచిన గుఱ్ఱము సమతూకము తప్పి వెనుకకు పడినచో, దాని నడినెత్తి నేలకు తగిలి పుఱ్ఱె అడుగుభాగము చిట్లవచ్చును. పైనున్నవాడు దాని క్రింద నలుగును. ఆపైన, లేచుట తెలిసిన గుఱ్ఱమునకు, ఇష్టము లేని పనినుండి తప్పించుకొనుటకు అదే ఉపాయమని తెలియుటకు ఎంతయో కాలము పట్టదు. ఈ విన్యాసమును ఊరేగింపులలో చేయింపరాదని నేను నిస్సంశయముగా చెప్పుదును.

చట్టము ఈ విషయమున మౌనముగా లేదు. 1960నాటి జంతుహింసా నివారణ చట్టము, నమోదు చేయించుకొనక జంతువులను ప్రదర్శించుటను, ప్రదర్శనకై శిక్షణ నిచ్చుటను నిషేధించినది. 2001నాటి నియమములు, సహజప్రవృత్తికి విరుద్ధమగు పని చేయింపరాదనియు, ఆట నేర్పుటకై తిండినీరు మాన్పరాదనియు శాసించినవి. ఆ నమోదు జరుపు జంతుసంక్షేమమండలి కార్యాలయము ఢిల్లీకి దాపుననే బల్లభ్‌గఢ్‌లో నున్నది. అయినను చట్టము టికెట్టు కొని చూచు వినోదమునే ప్రదర్శనగా నిర్వచించినది. పెండ్లి ఊరేగింపునకు టికెట్టు లేదు. అచట గుఱ్ఱమునకు రక్షణగా నిలుచునవి, బాధ పెట్టుటను దండించు సామాన్యవిధియును, ముండ్లుగల కళ్ళెములను నిషేధించిన 1965నాటి నియమమును మాత్రమే. కళ్ళెము నిలుచుచోటు, ముందుపండ్లకును దవడపండ్లకును నడుమ పండ్లు లేని లేతచిగురు; అచట ముల్లు గ్రుచ్చుకొన్న గుఱ్ఱము ఆడు ఆటను నాట్యమనుట నాకు శక్యము కాదు.

మయూర్ విహార్‌లో బారాతు నడుపు గృహస్థులు చేయదగినవి కష్టసాధ్యములు కావు: డీజే బండిని గుఱ్ఱమునకు చాలినంత దూరమున నుంచుట, టపాకాయలను దాని వెనుక కాల్పకుండుట, లెమ్మని కోరకుండుట, ఘోడీవాలా ‘చాలును బాబూజీ, అలసినది’ అన్నపుడు ఆతని మాట వినుట. ఆతడు జీవనోపాధికై గుఱ్ఱమును పోషించువాడు. జనుల కోరికయే ఆతని శిక్షణను నిర్ణయించును. నిలుకడగల ఘోడీకి ఎక్కువ కూలి యిచ్చువారు పదిమంది యున్నచో, ఆతడు నిలుకడనే నేర్పును.

నేర్పదలచినవానికి మొదటి పాఠము ఇది. గుఱ్ఱమును కట్టుగొయ్యకు అవతల నుంచి, తాను ఇవతల నిలిచి, పిడికిట శనగలు పట్టుకొనవలెను. అది పిడికిలిని మూచూచినను, నాకినను, పెదవితో లాగినను చేయి కదపరాదు, కసరరాదు. విసిగి అది మొగము నేరుగా ముందునకు త్రిప్పుకొన్న ఆ క్షణముననే నాలుకతో టక్కని శబ్దము చేసి, చేయి చాచి, దాని ఱొమ్మునకు ఎదురుగా, తన శరీరమునకు దూరముగా శనగలు అందింపవలెను. పదిసారులు జరిగిన పిదప చాలించి, దానిని మేతకు విడువవలెను. చేతినుండి మొగము త్రిప్పుకొనినచో తిండి వచ్చునని అది గ్రహించిన పిమ్మటనే రెండవ పాఠము. అది గిట్ట ఎత్తి యిచ్చుట.